ప్లగ్గు నేను తియ్యలేదు

"ఒరేయ్, పిల్ల ఎవరితోనో మాట్లాడుతుండగా ఈ పెట్టె చప్పున ఆరిపోయిందనుకో, అప్పుడేంట్రా గతి?"

టైలరమ్మ ఈ మాట అనేటప్పటికి ఆ పెట్టె ఇంకా గోడకెక్కలేదు. అట్టడబ్బాలోంచి బయటికే రాలేదు. మరిది మెట్ల మలుపులో స్టూలెక్కి, నోట్లో మేకులు పెట్టుకుని, గోడ మీద పెన్సిలుతో గీత గీస్తున్నాడు. కింద స్టూలు కాళ్ళు గట్టిగా పట్టుకుని నిలబడ్డ టైలరమ్మకి అప్పటికే జరగబోయే ఘోరాలన్నీ కళ్ళకి కట్టాయి. స్టూలు జారి మరిది మెట్ల మీంచి కింది దాకా దొర్లిపోతున్నాడు. మేకు వెళ్ళి గోడలో ఉన్న కరెంటు తీగకి తగులుతోంది. పెట్టె వేడెక్కి అంటుకుంటోంది, ఆ మంట పై గదికి పాకుతోంది, పై గదిలో పిల్ల చెవులకి ఆ హెడ్‌ఫోను డిప్పలు పెట్టుకుని ఉండి ఎవరరిచినా వినిపించుకోవడం లేదు.

"ఆరిపోదు వదినా," అన్నాడు మరిది మేకుల సందులోంచి. "నువ్వు అనకుండా ఉంటే ఈ ఇంట్లో ఏదీ ఆరిపోదు."

"అనకపోతే ఎలారా? నేను అనబట్టే ఈమాత్రమైనా అన్నీ నిలబడి ఉన్నాయి."

మరిది నవ్వాడు. నోట్లో మేకు ఒకటి రాలి ఠంగుమని మెట్ల మీద పడింది. "చూశావా!" అంది టైలరమ్మ. ఏం చూశాడో అతనికి తెలీదు, ఏం చూపించిందో ఆవిడకీ తెలీదు.

ఆ ఇల్లు అగ్గిపెట్టెల్ని నిలువునా పేర్చినట్టు ఉంటుంది. కింద ఒక గది, దాని మీద ఒక గది, దాని మీద ఇంకో గది, పక్కనించి ఇరుకు మెట్లు. కింది గదిలో వీధివైపు టైలరమ్మ మిషను, వెనకవైపు వంట, పడక. జాకెట్లు వదులు చెయ్యడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం, పరదాలకి అంచులు కుట్టడం ఆవిడ పని. వీధిలో అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. ఆవిడ భర్త బేకరీలో పొయ్యి దగ్గర పని చేస్తాడు. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నం వచ్చి పడుకుంటాడు. మధ్య గది మరిదిది. మీటింగులకీ పెళ్ళిళ్ళకీ మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు కాబట్టి అతన్ని మైకుబాబు అంటారు. పెళ్ళి చేసుకోలేదు, ఆ గదిలో స్పీకర్లు పోగా మనిషి పడుకునే చోటు ఎక్కడుందో వెతుక్కోవాలి. టైలరమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి అతను బడికి వెళ్ళనని మంచం కింద దాక్కునేవాడు. అందుకే ఆవిడ నోట "ఒరేయ్" తప్ప ఇంకో పిలుపు రాదు.

అన్నిటికన్నా పైగది కూతురిది.

కూతురిది దుబాసీ ఉద్యోగం. ఆసుపత్రుల్లో డాక్టరు భాష కొందరు రోగులకి రాదు, వాళ్ళ భాష డాక్టరుకి రాదు. అప్పుడు మధ్యలో ఒక తెర పెడతారు. తెర మీద ఈ పిల్ల కనపడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతుంది. ఇంట్లో కూర్చుని చేసే పనే, కానీ గది తలుపు మూసి ఉండాలి, పక్కన పురుగు కూడా ఉండకూడదు, రోగి మాట మూడోవాడి చెవిన పడకూడదు. ఉద్యోగం ఇంకా పరీక్ష కాలంలోనే ఉంది. మాట మధ్యలో తెగిపోతే కంపెనీ ఒక తప్పు కింద లెక్క వేస్తుంది. మూడు తప్పులైతే ఇంటికి పంపేస్తుంది. ఇంట్లో కూర్చుని చేసేవాళ్ళని మళ్ళీ ఇంటికి పంపడమేమిటో టైలరమ్మకి అర్థం కాలేదు గానీ భయం మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఇంటర్నెట్టు వాళ్ళు బిగించిన పెట్టె కింది గదిలో మిషను పక్కన ఉంది. దాని సిగ్నలు మెట్లెక్కలేక మధ్యలోనే ఆయాసపడి కూలబడిపోయేది. అందుకే మైకుబాబు ఇంకో రెండు పెట్టెలు పట్టుకొచ్చాడు. రూటర్లంటారు వాటిని. ఒకటి మెట్ల మలుపులో, ఒకటి పైగదిలో. స్పీకరు వెనక స్పీకరు తగిలించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"ఇదీ అంతే వదినా. కింది దాంట్లోంచి మధ్యదానికి ఒక వైరు, మధ్యదాంట్లోంచి పైదానికి ఒక వైరు. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటుంది."

మూడింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టాడు. వేరువేరు పేర్లు పెట్టమని కూతురు అడిగితే, "ఒకింట్లో పుట్టినవాళ్ళకి తలో ఇంటిపేరూ ఉంటుందా?" అన్నాడు. మలుపులో ప్లగ్గు పెట్టే చోటు లేకపోతే తన గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి కిటికీ ఊచల సందున బయటికి లాగి, దానికి పెట్టాడు మధ్య పెట్టెని. పచ్చదీపాలు వెలిగాయి. "ఎవరూ దీన్ని ముట్టుకోకండి. నా సెట్టింగు నాకు తప్ప ఎవరికీ తెలీదు," అని చేతులు దులుపుకున్నాడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది.

మొదటి తప్పు టైలరమ్మ వల్లే జరిగింది. దాన్ని ఆవిడ ఎప్పుడూ కాదనలేదు. ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, ఇల్లు అదిరేలా ఉరిమింది. పిడుగు తీగ వెంట వచ్చి, పెట్టెలోంచి పెట్టెలోకి, అక్కణ్ణించి పిల్ల చెవుల డిప్పల్లోకి వెళ్ళడం ఆవిడకి అచ్చం సినిమాలోలా కనపడింది. పరుగున వెళ్ళి గోడలోంచి ప్లగ్గు పీకేసింది. పైనించి కూతురు దబదబా దిగొచ్చింది.

"అమ్మా! నేను మాట్లాడుతున్నానే!"

"నువ్వు బతికుంటే మళ్ళీ మాట్లాడతావు!"

ఆ రోజు పెద్ద రభసే అయింది. చివరికి కూతురి చేతిలో చెయ్యేసి, పిడుగు నెత్తిన పడ్డా సరే ప్లగ్గు జోలికి వెళ్ళనని మాటిచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా. ఆ తరవాత ఎన్నిసార్లు ఉరిమినా మిషను కింద చేతులు దాచుకుని కూర్చుందే తప్ప లేవలేదు.

రెండో తప్పు జరిగిన రోజు మబ్బు తునక లేదు. మరిది అప్పుడే సంచీ భుజానేసుకుని మీటింగుకి వెళ్ళాడు. టైలరమ్మ ఎవరిదో పరదాకి అంచు మడుస్తోంది. పైన తలుపు దభాలున తెరుచుకుంది. కూతురు దిగి వచ్చిన వాలకం చూస్తేనే ఆవిడ గుండె జారిపోయింది.

"మళ్ళీ తీశావా?"

"ఏం తీశాను?"

"అమ్మా, నాతో ఆడుకోకు. తీశావా లేదా?"

"తియ్యలేదే! ఇదిగో నా కళ్ళ ముందే వెలుగుతోంది, చూడు!"

నిజంగానే పెట్టె మీద దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. కూతురు వాటిని చూసి, తల్లిని చూసింది. "తీసి పెట్టేశావన్నమాట," అంది.

ఏం జరిగిందో అప్పుడు చెప్పింది, నిలబడే. ఒక ముసలాయన. కాలికి పుండు పడి ముదిరిపోయింది. కాలు తీసెయ్యాలా అక్కర్లేదా అని తేల్చే రోజు. తియ్యక్కర్లేదు, మందులతో నయమవుతుంది అన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పడానికి కూతురు నోరు తెరిచి "మీ కాలు" అంది. అంతే, తెగిపోయింది. ఇంకొకర్ని వెతికి పెట్టేదాకా ఆ మనిషి ఖాళీ తెర వంక చూస్తూ, "నా కాలు? నా కాలేంటమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడని కంపెనీవాళ్ళు ఫోనులో చెప్పారట.

టైలరమ్మ పరదా వదిలేసి లేచింది. "అయ్యో దేవుడా! కానీ నేను తియ్యలేదే, నీ మీదొట్టు..."

"నా మీద ఒట్టెయ్యకు," అంది కూతురు. మలుపులో పెట్టె వంకైనా చూడకుండా పైకెళ్ళి తలుపేసుకుంది. అదే ఆఖరి మాట.

సాయంత్రం మైకుబాబు ఎక్కడిదో మీటింగు ముగించుకుని, వైర్ల చుట్టలు భుజానేసుకుని వచ్చాడు. సంగతి విని మెట్లెక్కి వెళ్ళి, కాసేపటికి దిగొచ్చాడు. "అన్నీ భేషుగ్గా ఉన్నాయిగా! పైనా కిందా పచ్చదీపాలే. వదినకి ఎక్కడో ఉరుము వినపడుంటుందిలే," అన్నాడు. టైలరమ్మ భర్త కూడా నిద్రకళ్ళతో నవ్వాడు. ఆ నవ్వుకి ఆవిడ ఒళ్ళు భగ్గున మండింది. చేసినప్పుడు చేశానని ఒప్పుకున్న మనిషి, చెయ్యనప్పుడు చెయ్యలేదంటే ఎందుకు నమ్మరు? ఒకసారి ఒప్పుకున్న పాపానికి ఇక ఈ ఇంట్లో ఏది చెడినా తన ఖాతాయేనా? 

కూతురు తండ్రితో మాట్లాడుతోంది. బాబాయితో మాట్లాడుతోంది. తల్లితో మాత్రం లేదు. కంచం తీసుకుని పైకి వెళ్ళిపోతుంది, కడిగిన కంచం చప్పుడు కాకుండా పెట్టేసి పోతుంది. టైలరమ్మ కింద మెట్టు మీద నిలబడి, "బుజ్జీ, నెట్టుందా?" అని అరుస్తుంది. జవాబు రాదు. "బుజ్జీ, దుప్పటి కావాలా?" జవాబు రాదు. కేకలేసినా బాగుండేది. తిట్టినా పడేది.

సరే, నేను తియ్యలేదంటే ఇంకెవరో తీసుండాలిగా అనుకుని ఆవిడ ఇంటర్నెట్టు కంపెనీకి ఫోను చేసింది. చాలాసేపు ఒక పాట. తరవాత తేనె పూసిన గొంతు ఒకటి.

"మేడం, మీ సమస్య మాకు చాలా ముఖ్యం. ఒకసారి మీ రూటరు ఆపి, మళ్ళీ ఆన్ చెయ్యండి."

"ఆపమంటావా?" అంది టైలరమ్మ. "నేనా? నా చేత్తోనా? ఏం బాబూ, నువ్వెవరు, మా ఇంట్లో చిచ్చు పెట్టడానికి ఎవరైనా పంపారా నిన్ను?"

"మేడం, అదొక మామూలు పద్ధతి..."

"నీకు మామూలు! ఈ ఇంట్లో నేను దాని మీద దుమ్ము తుడిచినా కొంపలంటుకుంటాయి! మనిషిని పంపించు, మనిషిని!"

మనిషి వచ్చాడు. చొక్కా మీద కంపెనీ బొమ్మ, చేతిలో ఏదో బుల్లి యంత్రం. కింది పెట్టెకి దాన్ని తగిలించి చూశాడు. "బ్రహ్మాండంగా ఉందమ్మా లైను."

"మరి పైన ఎందుకు పోతోంది?"

"పైవి మావి కావు కదమ్మా. గుమ్మం లోపల ఈ ఒక్క పెట్టె దాకానే మా పూచీ."

"అది కాదు నాయనా, మెట్లెక్కి ఒక్కసారి చూడొచ్చుగా. మెట్లకేం డబ్బులడగనులే."

అతను గడియారం చూసుకున్నాడు. "ఊడ్చేటప్పుడు, దులిపేటప్పుడు ఆడవాళ్ళు వైర్లు కదిపేస్తుంటారమ్మా. చాలా ఇళ్ళలో అదే. కొంచెం జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది."

టైలరమ్మ కత్తెర బల్ల మీద పెట్టింది. చేతిలో ఉంటే ఏమవుతుందోనని ఆవిడకే భయమేసింది.

"ఏమన్నావు? నేను కదిపానా? నువ్వు చూశావా? మెట్టెక్కవు, పై పెట్టె చూడవు, ఎవరు ఊడుస్తారో ఎవరు దులుపుతారో అడగవు, గుమ్మంలో నిలబడే దొంగని పట్టేశావే! ఇన్నేళ్ళుగా ఈ మిషను వైరు నా కాళ్ళ కిందే ఉంది. ఒక్కనాడు ఊడిందా? అడుగు దాన్ని!"

మిషనుని అడగకుండానే అతను బయటపడ్డాడు. ఆవిడ వీధి మలుపు దాకా వెంటబడి, మిగిలిన నాలుగు మాటలూ అతని బండి వెనక నుంచి అప్పజెప్పి వచ్చింది.

ఆ రోజే మిషను జరిపి, పెట్టెకి ఎదురుగా వేసుకుంది. కుడుతున్నా ఒక కన్ను దీపాల మీదే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళతో, "కాస్త పక్కకి జరగమ్మా, దీపం కనపడటం లేదు," అనేది. ఎవరేమనుకున్నా సరే. ఇంకోసారి పోతే, తాను చూస్తుండగానే పోయిందని చెప్పడానికి తన రెండు కళ్ళే సాక్ష్యం. కూతురు నమ్మని కళ్ళు ఎన్ని ఉంటే ఏం లాభమో మాత్రం ఆవిడ ఆలోచించలేదు.

ఒక తెల్లవారుజామున భర్త టీ తాగుతూ చల్లగా చెప్పాడు. "ఇవాళ మధ్యాహ్నం అమ్మాయికి ఆ ముసలాయనతోనే మళ్ళీ కాల్ ఉందట. మన అమ్మాయే రావాలని పట్టుబట్టాడట ఆయన. సగం చెప్పినావిడే మిగతా సగమూ చెప్పాలి, లేకపోతే మందులకీ ఒప్పుకోను, దేనికీ ఒప్పుకోను అన్నాడట."

"మరి నాకు చెప్పదేం?"

"నీకెందుకు చెప్తుంది?" అన్నాడాయన మామూలుగా. ఆ మాట ఎంత లోతుకి దిగిందో చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆవిడ ఒక్క కుట్టు తిన్నగా వెయ్యలేదు. కాల్ తెగిపోతుంది. పిల్ల ఉద్యోగం పోతుంది. ముసలాయన మందులు వద్దంటాడు, ఉన్న కాలూ పోతుంది. అవన్నీ తన మెడకే చుట్టుకుంటాయి. మధ్యాహ్నం పొద్దు వాలేవేళకి ఇక కూర్చోలేక మంచినీళ్ళ సీసా పట్టుకుని లేచింది. మాట్లాడకపోతే మాట్లాడకపోయింది, గుమ్మం దగ్గర పెట్టేసి వస్తే సరి. లేచే ముందు పెట్టె వంక చూసింది. పచ్చగా ఉంది.

మెట్ల మలుపులో ఆగిపోయింది.

మధ్య పెట్టె మీద ఒక్క దీపం లేదు. దాని ప్లగ్గు గోడ వెంట కిందికి వేలాడుతోంది, ఎలుక తోకలాగా. బోర్డు లేదు. కిటికీ గట్టు మీద అది రోజూ ఉండే చోట, దుమ్ము మధ్యలో దాని ఆకారం మాత్రం శుభ్రంగా మిగిలింది. మరిది గది తలుపుకి తాళం.

కోపానికన్నా ముందు ఆవిడకి సంతోషం వచ్చింది. ఒక్క క్షణం. "నేను కాదు!" అనుకుంది పైకే. ఆ వెనకాలే కోపం వచ్చింది, మెట్లు పట్టనంత.

మీటింగుకి బోర్డు తక్కువైతే వాడు దీన్ని పీకి సంచీలో వేసుకుపోతున్నాడు! సాయంత్రం తెచ్చి పెట్టేస్తున్నాడు! పెట్టి, పచ్చదీపాలు చూపించి, వదినకి ఉరుము వినపడిందని నవ్విస్తున్నాడు!

"బుజ్జీ!" అని పైకి అరిచింది. "నెట్టు లేదు కదూ? నేను కాదే! మీ బాబాయి! బోర్డు తీసుకుపోయాడు! నువ్వు కదలకు, నేను తెస్తున్నా!"

మరిదికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఎక్కడున్నాడో ఆవిడకి తెలుసు. ఇందాకే చెప్పి వెళ్ళాడు. పక్కవీధి హాల్లో కాలనీ సంఘం వాళ్ళ సమావేశం. సీసా అక్కడే మెట్టు మీద పెట్టేసి బయల్దేరింది. మెళ్ళో కొలతల టేపు ఉంది, చేతికి గుండుసూదులు గుచ్చిన గుడ్డ ఉంది, కాళ్ళకి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు ఉన్నాయి. ఏవీ తియ్యలేదు.

హాలు కిటకిటలాడుతోంది. లోపల చోటు చాలనివాళ్ళు బయట నిలబడి ఉంటే, వాళ్ళ కోసం గోడమీద రెండు బాకా స్పీకర్లు కట్టారు. వేదిక మీద సంఘం అధ్యక్షుడు చెత్తకుండీల గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు. వేదిక పక్కన చిన్న బల్ల. బల్ల మీద యాంప్లిఫయరు, ఒక మైకు. బల్ల వెనక కుర్చీలో మైకుబాబు దర్జాగా కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. బల్ల కింద బోర్డు. మూల విరిగితే తానే అతికించిన పచ్చ టేపుతో సహా, అదే బోర్డు.

"తియ్యరా," అంది టైలరమ్మ.

మైకుబాబు ఉలిక్కిపడ్డాడు. "వదినా! ఏమైంది? అన్నయ్యకేమైనా..."

"మీ అన్నయ్యకేం, గుండ్రాయిలా నిద్రపోతున్నాడు. బోర్డు తియ్యి. గది తాళం ఇటివ్వు."

"ఇప్పుడెలా తీస్తాను వదినా? మీటింగు నడుస్తోంది. నెమ్మదిగా..."

"నెమ్మదిగానా? నా కూతురి ఉద్యోగాన్ని తెచ్చి చెత్తకుండీల ఉపన్యాసానికి కట్టేశావు కదరా! మలుపులో పెట్టె ఆరిపోయుంది. ఈ బోర్డు నువ్వు తీసుకొచ్చావు. అవునా కాదా?"

"నాది నేను తెచ్చుకున్నాను! నేను ఇంట్లో లేనప్పుడు నా రూటరు ఎవరిక్కావాలి? కరెంటు దండగ."

"పైదానికి వైరు ఎక్కణ్ణించి లాగావురా?"

"పైదానికా? కింది దాంట్లోంచి మధ్యదానికి, మధ్యదాంట్లోంచి..." మైకుబాబు చూపుడువేలు గాల్లో మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయింది. అతని మొహంలో రంగు దిగిపోయింది. "ఓరి నాయనో," అన్నాడు.

"ఆ ముసలాయన కాలు సంగతి తెగిపోయిన రోజు ఎక్కడున్నావు?"

"మీటింగు... గోదాముల దగ్గర..."

"ఈ బోర్డుతోనేగా? ఆరోజు ఇంటికొచ్చి ఏమన్నావు? వదినకి ఉరుము వినపడింది అన్నావు! అందరూ కలిసి నవ్వారు! నా పిల్ల నాతో మాట మానేసి కూర్చుంది, తెలుసా నీకు? కన్నతల్లితో! నేను తియ్యలేదని చెబితే నా మొహం కూడా చూడటం లేదది. ఒకసారి పిడుగుకి భయపడి తీశాను, తీశానని చెప్పాను. దాచానా? నీలాగా తీసి, పెట్టి, ఏమీ ఎరగనట్టు నవ్వానా? ప్లగ్గు నేను తియ్యలేదు! తియ్యలేదు! తియ్యలేదు!"

ఆఖరి మాట ఎక్కణ్ణించో రెట్టింపై తిరిగొచ్చి ఆవిడ చెవులకే తగిలింది. అధ్యక్షుడు నోరు తెరుచుకుని ఉన్నాడు. అందరి తలలూ ఇటే తిరిగి ఉన్నాయి.

"వదినా," అన్నాడు మైకుబాబు నీరసంగా, బల్ల మీద మైకు వైపు చూపిస్తూ. "అది ఆన్‌లో ఉంది."

బయటి బాకా స్పీకర్లు కూడా "అది ఆన్‌లో ఉంది" అన్నాయి.

ఇంకొకరైతే సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. టైలరమ్మకి ఆ తీరిక లేదు. "ఉంటే ఉండనీ! అందరూ వినండి, నాకేం!" అంది.

"అమ్మా, మీ సమస్యని కూడా సంఘం..." అని అధ్యక్షుడు మొదలుపెట్టాడు.

"మీ సంఘం తరవాత, బాబూ. ముందు నా పిల్ల." వంగి బోర్డు పీకింది. యాంప్లిఫయరు గుర్రుమని ఆగిపోయింది. అధ్యక్షుడి పెదాలు మాత్రం ఇంకా కదులుతున్నాయి, శబ్దం లేకుండా. వెనక వరసలో ఎవరో, "ఇప్పుడు బాగుంది," అన్నారు. మైకుబాబు జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

బోర్డుని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని ఇంటికొచ్చి, గది తాళం తీసింది. అప్పుడు గాని గుర్తు రాలేదు ఆవిడకి, గోడలో ప్లగ్గు పెట్టాల్సింది తనేనని. ఆ గదిలో ప్లగ్గు చుట్టూ గోడ నల్లగా మసిబారి ఉంది. షాకు కొడుతుంది. కొట్టి తాను ఇక్కడే పడిపోతే, స్పీకర్ల మధ్య ఎప్పటికి కనిపెడతారో ఎవరైనా. పొడిగుడ్డ చేతికి చుట్టుకుంది. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయని మళ్ళీ ఒకసారి చూసుకుంది. కళ్ళు మూసుకుని గుచ్చింది. ఏమీ కాలేదు. బోర్డుని ఊచల సందున బయటికి తోసి, మలుపులోకి వచ్చి, వేలాడే ప్లగ్గు తీసి పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. చాలాసేపు ఎర్రగానే ఉండి, ఆవిడ ప్రాణం తోడేసి, చివరికి పచ్చబడింది.

"బుజ్జీ! వచ్చిందా?"

రెండు మెట్లెక్కింది.

"బుజ్జీ, వచ్చిందా అంటుంటే!"

అప్పుడు పై తలుపు వెనకనించి ఒక గొంతు వినపడింది. తనకి కాదు. నెమ్మదిగా, మర్యాదగా, ఎవరికో నమస్కారం చెబుతున్న గొంతు. కాల్ మొదలైంది.

టైలరమ్మ గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. రోగి మాట మూడోవాడి చెవిన పడకూడదు కదా. మాటలు తెలియకుండా ఉండేందుకు రెండు చెవులూ వేళ్ళతో మూసుకుంది. మూసుకుంటే ప్లగ్గు ఊడినా తెలీదని ఒక చెయ్యి తీసి ప్లగ్గు మీద వేసింది. చెయ్యి అదిరితే అదే ఊడుతుందేమోనని మళ్ళీ తీసేసింది. 

కాసేపటికి మైకుబాబు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"మీటింగు?" అంది గుసగుసగా.

"చెత్తకుండీలకి మైకెందుకని ఆపేశారు. వదినా, గదిలో నా వైరు..."

"ఈ మెట్టు దాటావంటే కాళ్ళు విరుగుతాయి. కూర్చో."

కూర్చున్నాడు, మంచం కింద దాక్కున్న రోజుల్లోలాగే ముడుచుకుని. ఇద్దరూ పచ్చదీపం వంక చూస్తూ ఉన్నారు. అది రెప్ప వేసినట్టు మిణుకుమన్నప్పుడల్లా టైలరమ్మ గుండె ఆగి మళ్ళీ మొదలైంది.

పైన గొంతు ఆగిపోయింది. అయిపోయి ఆగిందా, తెగి ఆగిందా?

"చెప్పు," అంది మరిదిని మోచేత్తో పొడిచి. "నీ నోటితో చెప్పు."

మైకుబాబు గొంతు సవరించుకున్నాడు. మైకు లేకుండా మాట్లాడటం అతనికి అలవాటు లేదు. "అమ్మాయ్! బోర్డు పీకింది నేనేనమ్మా. అప్పుడూ నేనే, ఇవాళా నేనే. మీ అమ్మ తియ్యలేదు. నాకు తట్టలేదమ్మా, పైదాన్ని నేనే నా దానికి తగిలించానని."

"వింటున్నావా, బుజ్జీ?" అంది టైలరమ్మ. "నేను తియ్యలేదు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా తియ్యలేదు. మాట్లాడకపోతే మానెయ్యి, నేనేం అడుక్కోను. కానీ ఒక్కటి చెప్పు, కాల్ సరిగ్గా అయిందా? ఆ పెద్దాయన విన్నాడా మొత్తం?"

వీధిలో ఎవరిదో బండి వెళ్ళిపోయింది. మైకుబాబు గోళ్ళు చూసుకున్నాడు. తెగిపోయిందన్నమాట. ఉద్యోగం పోయిందన్నమాట. పిల్ల లోపల ఏడుస్తోందో, కళ్ళు తిరిగి పడిపోయిందో. టైలరమ్మ గోడ పట్టుకుని లేచింది.

పైన గడియ తీసిన చప్పుడైంది.

"మొత్తం విన్నాడమ్మా. మందులకి ఒప్పుకున్నాడు," అంది కూతురు. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అప్పుడు నా కిటికీ తీసే ఉంది. నువ్వు తియ్యలేదని రెండు వీధులు విన్నాయి, నేను వినలేదనుకున్నావా?"